మడపాం టోల్‌గేటు, 2,68,000

మొన్న సోమవారం పొద్దున్న మడపాం టోల్‌గేటులో ముందున్న లారీకి ఫాస్టాగ్ పలకలేదు. వెనక్కి తీయడానికి లేదు, పక్క లైనుకి మారడానికి లేదు. ఆ కాస్త ఖాళీలో నా బండి మీటరు చూస్తే 2,67,991 కిలోమీటర్లు ఉంది. గేటు లేచాక నరసన్నపేట దగ్గర 2,68,000 పడింది. బండి పక్కకి తీసి ఫొటో తీసుకున్నాను. మా ఆవిడకి పంపితే "టిఫిన్ తిన్నారా" అని జవాబొచ్చింది. రోజూ తిరిగే బండికి రోజూ జరిగేదే కదా.

మాది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ. పిల్లల చదువుల కోసం ఇల్లు శ్రీకాకుళంలో పెట్టాం, పని అక్కడే ఉండిపోయింది. రానూ పోనూ నూట యాభై కిలోమీటర్లు. మామూలుగా వారానికి నాలుగు రోజులు, కొత్త పిక్కలు దిగే సీజన్లో అయిదు, ఒక్కోసారి ఆరు. ఎనిమిదిన్నరేళ్ళుగా ఈ దారిలో నేను తోలుతున్న బండి 2010 మోడల్ పోర్షె 911 కరెరా అనే స్పోర్ట్స్ కారు.

కొన్నప్పటికి బండి పెద్దగా తిరగలేదు. 2017 ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్ళి చూశాను. మొదటి ఓనరు బండిని ప్రాణంగా చూసుకున్నారు. ఏసీ గ్యారేజీ, మెత్తటి కవరు, నెలకోసారి తుడవడం. బయటికి తీయడం మాత్రం ఏడాదికి నాలుగైదు సార్లే. నేను వెళ్ళిన రోజు బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఈ బండికి బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ కరెంటు మీద తెరుచుకుంటుంది. అంటే బ్యాటరీ పోతే బ్యాటరీ దగ్గరికే వెళ్ళలేం. కాళ్ళ దగ్గరుండే ఫ్యూజు బాక్సులోంచి ఒక చిన్న టెర్మినల్ బయటికి లాగి, దానికి వేరే బండి బ్యాటరీ తగిలించి మూత తెరవాల్సి వచ్చింది. టైర్ల గాడులు కొత్తవాటిలా ఉన్నాయి గానీ పక్క గోడల మీద సన్నగా పగుళ్ళు. టైరు మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో రాసి ఉంటుంది. చివరి రెండూ 10. ఏడేళ్ళ రబ్బరు, అరగకుండానే చచ్చిపోయింది. వైపర్లు, బెల్టు, బ్రేకు గొట్టాలు అన్నిటిదీ అదే కథ.

నాతో వచ్చిన మావయ్యకి కార్ల సంగతి తెలీదు, ఎడ్ల సంగతి తెలుసు. చుట్టూ తిరిగి చూసి, "ఇది కట్టుగొయ్యి దగ్గరే ముసలిదైపోయిందిరా" అన్నాడు. ఆ మాటే నాకు నిలిచిపోయింది. ఆ డబ్బుకి ఆ రోజుల్లో రెండు ఇన్నోవాలు వచ్చేవి. ఇంట్లో ఆ లెక్క చాలా రోజులు నడిచింది.

ఇన్ని బండ్లలో ఇదే ఎందుకంటే, దీన్ని మొదట్నుంచీ రోజూ తోలే మనిషి కోసమే చేశారని నా నమ్మకం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించినప్పుడు దీని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావంటూ ప్యూజో కంపెనీ అడ్డుపడితే 911 అయింది. అప్పటినుంచీ ఇంజను వెనకే, వెనక ఇరుసుకి కూడా అవతల. ఆరు సిలిండర్లు, మూడు ఒక వైపు, మూడు ఇంకో వైపు పడుకుని ఉంటాయి. ముందు డిక్కీలో 135 లీటర్ల చోటు. పది కిలోల జీడిపప్పు డబ్బాలు రెండు సుఖంగా దిగుతాయి. వెనక రెండు బుల్లి సీట్లున్నాయి. పెద్దవాళ్ళు కూర్చోలేరు గానీ శాంపిల్ సంచులు, టిఫిన్ క్యారియరు, పిల్లల బ్యాగులు అన్నీ అక్కడే. చుట్టూ అద్దాలు పెద్దవి, బయటంతా కనిపిస్తుంది. లారీల మధ్య రోజూ తిరిగేవాడికి అది చాలా ముఖ్యం.

హైవే మీద ఇది ఎంత నెమ్మదస్తురాలో చూడనివాళ్ళకి చెప్పినా నమ్మరు. 345 గుర్రాల ఇంజను. అయినా ఏడో గేరులో వందలో పోతుంటే ఇంజను నిమిషానికి పదిహేడు వందల చుట్ల దగ్గర తిరుగుతుంది. దీని గరిష్ఠ వేగం ఆరో గేరులోనే వచ్చేస్తుంది, ఏడోది కేవలం పెట్రోలు ఆదా కోసం పెట్టినది. నాలుగు వరసల హైవేలో కార్లకి పరిమితి వంద. నేనూ అంతే పోతాను. లీటరుకి పదిన్నర వస్తుంది. రోజుకి పద్నాలుగు లీటర్లు, పదిహేను వందల పైచిలుకు. డీజిలు బండి అయితే వెయ్యిలో అయ్యేది. తేడా ఏడాదికి లక్ష దాకా తేలుతుంది. వెనక టైర్లు ఇరవై రెండు వేల కిలోమీటర్లకి అయిపోతాయి, జత యాభై వేల రూపాయల పైనే. ముందువి నలభై వేల కిలోమీటర్లు వస్తాయి. ఆయిలు మార్చాల్సిన దూరం పుస్తకంలో ఇంకా ఎక్కువ రాసి ఉంది గానీ మన దుమ్ముకి నేను ఎనిమిది వేలకే మారుస్తాను. ఏడు లీటర్ల పైన పడుతుంది. ఈ డబ్బు నేను సంతోషంగానే ఖర్చు పెడుతున్నాను, దాచుకోవడానికేం లేదు.

స్పీడు బ్రేకర్ల గురించి అందరూ భయపెట్టారు. హైవే మీద ఆ బాధ లేదు, కాశీబుగ్గలో దిగాకే మొదలవుతుంది. అక్కడ ఒక్కొక్క దిమ్మ ఎత్తూ నాకు కంఠతా వచ్చు. ఏటవాలుగా, ఒక్కొక్క చక్రమే ఎక్కేలా తిప్పాలి. వెనక వచ్చే ఆటో అబ్బాయిలకి మొదట్లో విసుగొచ్చేది, ఇప్పుడు వాళ్ళే ఆగి దారిస్తారు. ముందు బంపరు పెదవి కింద నల్లటి ప్లాస్టిక్ పట్టీ ఒకటుంది, రాసుకుంటే అదే రాసుకుంటుంది. ఇప్పటికి మూడుసార్లు మార్చాను.

నిజంగా జాగ్రత్త పడాల్సింది గడ్డి విషయంలో. డిసెంబరు, జనవరి వచ్చిందంటే మా వైపు రోడ్లే కళ్ళాలు. వరి, చోళ్ళు, పెసలు, మినుములు అన్నీ తారు మీదే ఆరతాయి. పైనుంచి బండ్లు పోతే నూర్పు కూడా అయిపోతుందని రైతులు రమ్మని చెయ్యి ఊపుతారు. ఎత్తు బండి పోయిందంటే సరే. నా బండి కడుపు నేలకి బెత్తెడు. కొన్న ఏడాది సంక్రాంతికి ముందు, ఫ్యాక్టరీ దగ్గరి పల్లె రోడ్డులో మినప చెత్త మీంచి పోనిచ్చాను. అర కిలోమీటరు పోయాక మాడు వాసన. ఆపి, వెనక పడుకుని చూస్తే సైలెన్సరు పక్కన గుప్పెడు చెత్త ఇరుక్కుని అంచులు ఎర్రగా రగులుతున్నాయి. నీళ్ళ సీసా రెండున్నాయి కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచీ దూరంగా గడ్డి కనిపిస్తే దిగి, రైతుని అడిగి, చేటతోనో పారతోనో చక్రాల వెడల్పున దారి చేయించుకుని మరీ దాటుతాను. ఎవరూ కాదనలేదు.

రెండో సంగతి కంటికి కనపడదు. ఇంజను వెనకున్నా నీళ్ళు చల్లబరిచే రేడియేటర్లు ముందు బంపరు మూలల్లో, ఆ నల్లటి గాలి కన్నాల వెనక ఉంటాయి. వాటి ముందు ఏసీ కండెన్సర్లు. ఈ రెంటి మధ్య వేలెడు సందు. కన్నంలోకి వచ్చిందల్లా ఆ సందులో చేరి బయటికి పోదు. మొదటిసారి బంపరు విప్పించినప్పుడు ఏం దొరికాయంటే: సరుగుడు ఆకు దోసెడు, వరి పొట్టు, ఎండిపోయిన తూనీగలు, ఓ చిప్స్ కవరు, అడుగున తడి మట్టి. సముద్రపు గాలి ఉప్పు ఆ మట్టిలో చేరి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. దానికి ఆనుకున్నచోట కండెన్సరు రేకులు తెల్లగా పొడిపొడిగా రాలిపోయాయి. ఏసీ గ్యాసు ఎందుకు దిగిపోతోందో అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచీ ఏడాదికి రెండుసార్లు నేనే విప్పుతాను. గంట పని. మెత్తటి బ్రష్‌తో పై నుంచి కిందికి, ఆ తర్వాత పైపు నీళ్ళు సన్నగా. ప్రెజరు పంపు పెడితే రేకులు వంగిపోతాయి, ఆ తప్పు ఎవరూ చేయకండి.

బాగుచేసేవాళ్ళ మీద నాకో ఫిర్యాదు ఉంది. ఈ బండికి ఆయిలు కొలిచే పుల్ల ఉండదు, ఇంజను వేడెక్కాక మీటరులో చూడాలి. విశాఖలో ఒక వర్క్‌షాపులో చూడకుండా అందాజుగా లీటరు ఎక్కువ పోసేశారు. ఆనందపురం దాటకముందే వెనకంతా నీలం పొగ. గుండె జారిపోయింది. అడిగితే, "ఇలాంటివి వారానికోసారి తిప్పే బండ్లు సార్, మీరు మరీ వాడేస్తున్నారు" అన్నారు. ఆయిలు ఎక్కువైనందుకు వచ్చిన పొగకీ నా వాడకానికీ ఏం సంబంధం? ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక మెకానిక్ దొరికాడు, పెద్ద పనులన్నీ అతని దగ్గరే. వాటర్ పంపు ఒకటి, ప్లగ్గులు నాలుగుసార్లు, గేర్‌బాక్స్ ఆయిలు రెండుసార్లు. రెండు లక్షల పైన తిరిగిన బండికి ఇవి మామూలే. ఇప్పుడున్న బెంగ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. పుస్తకంలో పది వరకే రాసి ఉంది. రబ్బరు గొట్టాలు ఆరు నెలలకోసారి చేత్తో తడిమి చూసుకుంటున్నాను.

వాన గురించి ఒక్క మాట. వెనక టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు. ముందు బరువు తక్కువ. నీళ్ళు నిలిచిన చోట స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోతుంది, చేతిలో ఏమీ లేనట్టు. డివైడరు పక్క లైనులో నీరు ఎక్కువ నిలుస్తుంది, అందుకని వానలో ఎడమ వైపే, అరవై దాటను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. మా ఫ్యాక్టరీ పైకప్పు రేకులు పక్క పొలంలో తేలాయి. హైవే మీద చెట్లు తీశాక నేను ఈ బండిలోనే వెళ్ళాను. మా దగ్గర ఉన్నది ఇదే. ముందు డిక్కీ నిండా కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపొడి. వెనక సీట్లలో నీళ్ళ టిన్నులు. ఫ్యాక్టరీ దాకా దారి లేక రోడ్డు మీదే ఆపి మోసుకెళ్ళాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఇంజను ఆపకుండా ఉంచి, మా పనివాళ్ళ ఫోన్లు ఒక్కొక్కటే బండిలో చార్జింగు పెట్టాం. చార్జింగు ఎక్కినా సిగ్నల్ లేదు. పిల్లలంతా హైదరాబాద్‌లో, చెన్నైలో, గల్ఫులో. మాట ఎలా అందుతుంది?

పప్పు గ్రేడింగు చేసే ఒకావిడ తన మనవరాలి నోటుబుక్కులోంచి కాగితం చింపి తెచ్చింది. "బాబూ, దారిలో సిగ్నలొస్తే మా గుంటడికో మాట సెప్పీయి, అమ్మ బాగుందని. ఇల్లు పడిపోయిందని మాత్రం సెప్పకు." ఆ కాగితం మీద మిగతావాళ్ళూ రాయించారు. చీకటి పడేసరికి ముప్పై ఒక్క నంబర్లు. టెక్కలి దాటాక సిగ్నల్ వచ్చింది. రోడ్డు పక్కన ఆపి, లోపలి లైటు వేసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. రెండు గంటలు పట్టింది. ఒకబ్బాయి ఏడుస్తూ, "మీరెవరు సార్, మా అమ్మ మీ ఫోన్లో ఎందుకు మాట్లాడట్లేదు" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. నంబరు పక్కన టిక్కులున్న ఆ కాగితం ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలో, బండి పుస్తకం మడతలో ఉంది.

అమెరికాలో లాంగ్ ఐలండ్‌లో ఇర్వ్ గోర్డన్ అని ఒక సైన్సు మాస్టారు ఉండేవారు. 1966లో కొన్న ఎర్ర వోల్వో పి1800 స్పోర్ట్స్ కారులోనే రోజూ 125 మైళ్ళు బడికి వెళ్ళివచ్చేవారు. 2013లో ఆ బండి ముప్పై లక్షల మైళ్ళు దాటింది. ఆయన 2018లో పోయారు. ఆయన ఫొటో ఒకటి మా ఆఫీసు గోడకి అంటించాను. మా వాచ్‌మన్ తాత దాన్ని చూసినప్పుడల్లా వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు రెండు కార్లని చేతులకి కట్టించుకుని కదలనివ్వని సంగతి చెబుతాడు. "ఆయనుంటే నీ బండి కూడా ఆపీసును బాబూ" అంటాడు. నాకు ఆ మాట వినడం చాలా ఇష్టం.

కోతలు మొదలవుతున్నాయి. అంతకుముందే రేడియేటర్లు శుభ్రం చేయాలి. ఈ ఆదివారం పొద్దున్నే అమ్మని అరసవల్లి దర్శనానికి తీసుకెళ్ళి వచ్చాక బంపరు విప్పుతాను. స్క్రూలు వేసుకోవడానికి ఖాళీ జీడిపప్పు డబ్బా మూత, పాత టూత్‌బ్రష్‌లు రెండు, నాన్న పంచె ముక్క ఒకటి బయటపెట్టి ఉంచాను. కుడివైపు మూలది ఎప్పుడూ ఎక్కువ మట్టి పడుతుంది, అక్కడినుంచే మొదలుపెడతాను.