థ్రియోనిన్ దగ్గర పోయిన మార్కులు: నా రెండో లాంగ్‌టర్మ్

నీట్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. అమ్మ ఇంకా చుట్టాలకు ఫోన్లు చేస్తూనే ఉంది. రెండో లాంగ్‌టర్మ్‌లో, అంటే ఇంటర్ తర్వాత ఏడాది పాటు తీసుకునే కోచింగ్ రెండోసారి తీసుకున్నప్పుడు, సీటు వచ్చే మార్కులు వచ్చాయి. మీలో చాలామంది నా టైమ్‌టేబుల్ పెట్టమని అడుగుతున్నారు కానీ, అందులో మీకు తెలియనిదేమీ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ, పాత పేపర్లు, వారం వారం టెస్టులు. నేను చెప్పాల్సింది ఒక్క గ్రాండ్ టెస్ట్ గురించే.

గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్. బయోమాలిక్యూల్స్ నాకు కంఠతా వచ్చనుకునేవాణ్ణి. ఆవశ్యక అమైనో ఆమ్లాలకు, అంటే ఒళ్లు తయారుచేసుకోలేక తిండి నుంచే తీసుకోవాల్సిన ప్రొటీన్ ముక్కలకు, వాటి మొదటి అక్షరాలతో కట్టిన 'పీవీటీ టిమ్ హాల్' అందరం పాడుకునేదే కదా. అందులో టీలు రెండు: థ్రియోనిన్, ట్రిప్టోఫాన్. టెస్టులో ఆ రెండో టీ టైరోసిన్ అనుకుని బబుల్ నింపేశాను. టైరోసిన్‌ను ఫినైల్అలనిన్ నుంచి మన ఒళ్లే తయారుచేసుకుంటుందని అంతకుముందు వారమే చదివాను! తర్వాతి ప్రశ్న, థ్రియోనిన్‌కు స్టీరియోఐసోమర్లు (అణువులు అవే, అమరిక మాత్రం వేరుగా ఉండే రూపాలు) ఎన్ని? రెండు అని పెట్టాను. రెండూ తప్పే. రావాల్సిన ఎనిమిది రాలేదు, పైగా రెండు మైనస్.

మర్నాడు కెమిస్ట్రీ సార్ చాక్‌పీస్ చేతికిచ్చి "గీయరా" అన్నారు. సీఓఓహెచ్ రాసి ఆగిపోయాను. పేరు తెలుసు, బొమ్మ రాదు. ఆయనే గీశారు. పైన సీఓఓహెచ్, కింద సీహెచ్3, మధ్యలో రెండు కార్బన్లు. ఎన్‌హెచ్2 ఎడమ పక్క, ఓహెచ్ కుడి పక్క. రెండూ కైరల్ కార్బన్లే, అంటే నాలుగు వైపులా నాలుగు వేర్వేరు గుంపులున్నవే, కాబట్టి నాలుగు ఐసోమర్లు. ఆ నాలుగింటిలో మన ప్రొటీన్లలో ఉండేది 2ఎస్, 3ఆర్ అని పిలిచే రూపం. ఎదురెదురు పక్కల ఉన్న ఆ అమరిక థ్రియోస్ చక్కెరను పోలి ఉంటుంది, పేరూ అక్కణ్ణుంచే వచ్చింది. ప్రొటీన్లలోని ఇరవైలో ఇలా రెండు కైరల్ కార్బన్లున్నవి ఇదీ, ఐసోల్యూసినూ మాత్రమే.

ఆ రోజే అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త రోజ్ కథ కూడా చెప్పారు. ఎలుకలకు ప్రొటీన్ మానేసి, అప్పటికి తెలిసిన అమైనో ఆమ్లాలన్నీ కలిపి పెడితే అవి చిక్కిపోయాయట. కాస్త కేసిన్ (పాలలోని ప్రొటీన్) చేర్చగానే పెరిగాయట. అంటే కేసిన్‌లో ఇంకేదో ఉందన్నమాట. వెతికి వెతికి 1935లో ఫైబ్రిన్ అనే రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ నుంచి థ్రియోనిన్‌ను పట్టుకున్నారు. ఇరవైలో చివరగా దొరికింది అదే. సిలబస్‌లో లేదు, అయినా ఆ ఎలుకల వల్లే నాకు గుర్తుండిపోయింది. బియ్యంలో లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం తర్వాత తక్కువగా ఉండేదీ థ్రియోనినే, ఆ లోటు తీర్చేది పప్పు. హాస్టల్‌లో రోజూ పప్పేనా అని తిట్టుకున్న నేను ఆ రాత్రి రెండోసారి వడ్డించుకున్నాను.

అప్పట్నుంచి ప్రతి స్ట్రక్చర్ రోజుకు రెండుసార్లు గీశాను. తెల్లవారుజామున మూడింటికి లేచానని గొప్పలు చెప్పను, ఆరింటికే లేచాను. ఫోన్ మాత్రం వార్డెన్ దగ్గరే పెట్టాను, మీరూ పెట్టండి. రెండేళ్లు వేస్టన్న బాబాయిలకు ఒక మాట: మొదటి ఏడాది నేనేం ఖాళీగా కూర్చోలేదు, చదివిన పద్ధతే తప్పు.

నోట్స్ మాత్రం అడగకండి. రిజల్ట్ వచ్చిన సాయంత్రమే మా పిన్ని కొడుకు సంచిలో వేసుకుపోయాడు.