తొట్టిలో వర్షారణ్యం: నాలుగోసారి వేసిన నాచు, పదమూడో రోజు

మా బడిలోని గాజు తొట్టిలో పరిచిన నాచు ఎంత బతికిందో లెక్కపెట్టడానికి దారాలతో 72 గడులు చేశాము. ఈ రోజు మధ్యాహ్నం లెక్క ప్రకారం వాటిలో 66 పచ్చగా ఉన్నాయి. నాచు పరిచిన పదమూడో రోజున ఇంత పచ్చదనం మిగలడం, జూన్‌లో ఈ పని మొదలుపెట్టిన తరువాత ఇదే మొదటిసారి. బడి వదిలాక కూడా అరగంట సేపు తొట్టి ముందే కూర్చున్నాను. అయితే కిటికీ వైపు మూలలో ఆరు గడులు పసుపు రంగుకు తిరిగాయి కాబట్టి నాచు ఎండిపోయే సమస్య తీరిందని ఇంకా చెప్పలేను.

మా నాలుగో తరగతికి ఈ అర్ధ సంవత్సరమంతా వర్షారణ్యం చుట్టూనే పాఠాలు నడుస్తున్నాయి. తక్కిన పనులన్నీ బాగానే సాగాయి. గోడ మీద అడవి నాలుగు పొరలను మీటరుకు 4 సెంటీమీటర్ల చొప్పున గీశాము. యాభై మీటర్ల చెట్టు నా తలకంటే ఎత్తుకు వెళ్లింది. ఇలాంటి పనికి కామ్లిన్ పోస్టర్ రంగులే నాకు నచ్చుతాయి, ఆరిన తరువాత చేతికి అంటవు. గణితంలో వంద మిల్లీమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున వర్షపాతం పట్టీలు కత్తిరిస్తే మేఘాలయలోని మౌసిన్‌రామ్‌కు 118 సెంటీమీటర్లు, మన నల్లగొండ జిల్లాకు సుమారు 7 సెంటీమీటర్లు వచ్చాయి. నల్లమల వర్షారణ్యం ఎందుకు కాదో తెలుగు గంటలో పిల్లలే రాశారు: ఇప్ప, తునికి, నల్లమద్ది వేసవిలో ఆకు రాలుస్తాయి కాబట్టి.

ఇబ్బంది అంతా నాచుతోనే వచ్చింది. తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న పాత చేపల తొట్టి. పైన అద్దం మూత ఉంది. కంకర, బొగ్గు, మట్టి పొరల సంగతి ఈ పని చేసేవారికి తెలిసిందే. ఫెర్నులు, మనీప్లాంటు ఏ పేచీ లేకుండా పెరుగుతున్నాయి. కానీ అడవి నేల ఎలా ఉంటుందో చూపాలంటే నాచు తప్పనిసరి. బడి నీళ్ల ట్యాంకు నీడ వైపు గోడ నుంచి దాన్ని పుట్టీ రేకుతో పలకలుగా తీసి పరిచాము. తొట్టి పైన ఐదేసి సెంటీమీటర్లకు ఒకటి చొప్పున దారాలు కట్టి 72 గడులు చేశాము. సగానికి మించి పచ్చగా ఉన్న గడినే లెక్కపెట్టాలని నియమం పెట్టుకున్నాము. భిన్నాల పాఠం దీనితోనే పూర్తయింది.

మొదటిసారి బోరు నీరు చల్లాము. మా వైపు, అంటే మర్రిగూడ పరిసరాలలో, బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువన్న కథ అందరికీ తెలిసినదే. బడిలో తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీరు వస్తుంది, చెట్లకు మాత్రం బోరు నీరే. నాలుగో రోజుకు నాచు కొసలు ఎండుగడ్డి రంగుకు వచ్చాయి. తొమ్మిదో రోజుకు 31 గడులు మిగిలాయి, పన్నెండో రోజుకు సున్నా. నేను పలక మీద సున్నా రాస్తుంటే వెనుక వరుసలో కూర్చునే అబ్బాయి లేచి, "సార్, సున్నా కాదు, గోడ దిక్కు అద్దం పక్కన పచ్చగనే ఉంది" అన్నాడు. వెళ్లి చూస్తే వెనుక అద్దం పొడవునా రెండు సెంటీమీటర్ల వెడల్పున ఒక పచ్చని పట్టీ నిలిచి ఉంది. గడిలో సగానికి తక్కువ కాబట్టి మా నియమం ప్రకారం అది లెక్కలోకి రాలేదు. చేతి కటకం పెట్టి చూస్తే నడిమి భాగంలో ప్రతి ఎండిన కొస మీద ఉప్పు రవ్వంత తెల్లని పొర కనిపించింది. పచ్చని పట్టీలో అది లేదు.

ఆ పట్టీ గురించే రెండు రోజులు ఆలోచించాను. వెనుక అద్దం గోడకు ఆనుకొని చల్లగా ఉంటుంది కాబట్టి ఆవిరి అక్కడే నీటి బొట్లుగా మారి కిందికి జారుతుంది. ఆ నీటిలో లవణాలు ఉండవు. నడుమ ఉన్న నాచు మాత్రం మట్టిలోని నీటిని పైకి పీల్చి ఆవిరిగా వదులుతుంది, లవణాలు దాని కొసలలోనే పేరుకుంటాయి. మూత వేసిన తొట్టిలోకి ఒకసారి చేరిన ఉప్పు బయటికి పోయే దారి లేదు. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ 1829 ప్రాంతంలో మూసిన సీసాలో ఫెర్ను మొలవడం గమనించాడు. బయట బొగ్గు పొగకు చచ్చిపోయే మొక్కలను గాజు కాపాడింది. మా దగ్గర మాత్రం హాని చేసేదే నీటితో పాటు గాజు లోపలికి వచ్చింది.

నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలిస్తే బోరు నీరు 1,160 చూపింది. రెండోసారి దాన్ని మరిగించి చల్లార్చి వాడాను. గిన్నె అడుగున సున్నం తేరుకున్నా అంకె 930 దగ్గరే ఆగింది, నాచు పదకొండు రోజులలో పోయింది. మరిగిస్తే నీటి కఠినత్వంలో కొంత తగ్గుతుందే తప్ప ఫ్లోరైడు తగ్గదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఈ సంగతి పిల్లలకు చెప్పినప్పుడు ఒక అమ్మాయి, "మా తాత మోకాళ్ళు వంగుతలేవు సార్, నాచుకు గూడ అట్లనే అయ్యిందా?" అని అడిగింది. ఫ్లోరైడు దెబ్బతీసేది ఎముకలను, నాచుకు ఎముకలు లేవనీ, మీటరు అన్ని లవణాలనూ కలిపి చూపుతుందే గానీ ఫ్లోరైడును విడిగా చూపదనీ చెప్పాను. ఆ రోజు పరిసరాల విజ్ఞానం గంట మొత్తం మన ఊరి నీటి మీదే గడిచింది, నీటిలో ఫ్లోరైడు తగ్గించడానికి వాడే, నల్లగొండ పేరుతోనే పిలిచే పటిక, సున్నం పద్ధతితో సహా.

మూడోసారి బడి కప్పు మీది వాన నీరు పట్టాము. మొదటి పది నిమిషాల నీరు వదిలేస్తే అంకె 22 వచ్చింది. ఇక గెలిచామనుకున్నాను. పదిహేడు రోజులు నిలిచి, ఆపైన అదే తెల్లని పొరతో మళ్లీ ఎండింది. నీరు మార్చాను గానీ మట్టి మార్చలేదని అప్పటికి గాని తట్టలేదు. ఆ మట్టి గుప్పెడు తీసి 200 మిల్లీలీటర్ల వాన నీటిలో రాత్రంతా నానబెడితే అంకె 22 నుంచి 610కి పెరిగింది. కొత్త కోకోపీట్ ఇటుకను అలాగే నానబెడితే 480 వచ్చింది. కొబ్బరి పొట్టు పేరు చూసి కడగకుండా వాడేవారికి ఇదే నా సలహా: మూడు నీళ్లలో నానబెట్టి పిండకుండా తొట్టిలో వేయవద్దు.

ఇప్పటి నాలుగో విడతలో మట్టి, కోకోపీట్ రెండూ కడిగినవి, నీరు వాన నీరు. తెల్లని పొర ఎక్కడా లేదు. పసుపు మూలకు కారణం వేడి అని అనుమానం: మధ్యాహ్నం రెండింటికి ఆ మూలలో 37 డిగ్రీలు, గోడ వైపు 31 డిగ్రీలు ఉన్నాయి. ఇంకొక అనుమానం నాచు జాతి మీదే ఉంది. ఎండుతూ తడుస్తూ పెరిగే గోడ నాచు, ఎప్పుడూ తేమ నిండిన గాలిలో ఎన్నాళ్లు ఉంటుందో చూడాలి. అమ్రాబాద్ వైపు వెళ్తే నీడలో పెరిగే నాచు దొరకవచ్చు గానీ అది పులుల అభయారణ్యం, అక్కడి నుంచి చిన్న మొక్క కూడా తేకూడదు.

సోమవారం తొట్టిని ఉత్తరం వైపు వరండాలోకి మార్చి, మూత ఒక అంచున అర సెంటీమీటరు తెరిచి ఉంచుతాము. దసరా సెలవులకు ముందే పాలిథిన్ కప్పిన రెండు ట్రేలలో నాచు పెంచడం మొదలుపెట్టాలి, ఒకదానికి వాన నీరు, ఒకదానికి భగీరథ నీరు. గడుల నియమం కూడా మార్చాము: సగం గడికి సగమే రాస్తాము, రెండు సెంటీమీటర్ల పట్టీ అయినా సరే లెక్కలోకి వస్తుంది.