నవసారం, రాళ్ళ ఉప్పు, అన్నయ్యగారి చేపలు

పదకొండున్నర దాటింది. అన్నయ్యగారి మీద కోపం ఇంకా దిగలేదు. రాస్తే దిగుతుందేమో చూద్దాం.

సాయంత్రం వదినా, ఆయనా వచ్చారు. చేతిలో ఆక్సిజన్ కొట్టించిన పెద్ద పాలిథీన్ కవరు, అందులో ఐదు కోయి చేపలు (అందానికి పెంచుకునే రంగు చేపలు), మేం కొత్తగా కట్టించుకున్న సిమెంటు పాండ్ కోసం. "ఎన్నాళ్ళమ్మా ఉత్త నీళ్ళు చూసుకుంటూ కూర్చుంటారు, ఇదిగో" అని కవరు చిన్నదాని చేతికిచ్చారు. అది గంతులేసింది. నేనేమీ అనలేదు. అయినా అత్తయ్య వంటింట్లోకి వచ్చి మరీ అడిగారు, "ప్రేమగా తెస్తే మొహం అలా పెట్టావేంటే?" అని.

ఎలా పెట్టమంటారు? ఆ పాండ్ నీళ్ళ కోసం నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. కొత్త సిమెంటు సున్నం వదులుతుందని అరటి బోదెలు నరికించి నానబెట్టించాను, నీళ్ళు నింపడం, వదిలేయడం, మళ్ళీ నింపడం. ఆ వాసనకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. పీహెచ్ (నీళ్ళలో పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె) దిగి 8 దగ్గర నిలబడ్డాకే అసలు పని మొదలైంది.

అసలు పనంటే బ్యాక్టీరియా పెంచడం. పాండ్ కట్టినతను ఒక పొడి ప్యాకెట్ చేతిలో పెట్టి "ఇది కలిపేయండి మేడమ్, రేపే చేపలు వదిలెయ్యొచ్చు" అన్నాడు. రేపే! చేప విడిచేది అమ్మోనియా, అది చేపకే విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం వచ్చి నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. అది మరీ ఎక్కువైతే తప్ప చేపల్ని బాధించదు, అప్పుడప్పుడూ కాసిని నీళ్ళు మారిస్తే చాలు. మొదటి రకం తొందరగానే వస్తుంది. రెండోది మహా బద్ధకం. మొత్తం కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈలోగా చేపల్ని వదిలితే ఆ విషాలన్నీ వాటి మొప్పల మీదుగా పోవాల్సిందే.

అందుకే చేపలు లేకుండా, నవసారంతో మొదలుపెట్టాను. ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్ళు వాడతారే, అదే. అమ్మోనియం క్లోరైడ్. మా 6,000 లీటర్లకి 40 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు) దగ్గరికి వస్తుంది. (కొట్టువాడు నన్ను కింద నుంచి మీద దాకా చూశాడు. నాటుసారా కాసేవాళ్ళూ అదే కొంటారట. ఆ సంగతి మా ఆయన ఇంటికొచ్చాక నవ్వుతూ చెప్పారు.) వేయడం, టెస్ట్ కిట్‌తో చూడడం, పుస్తకంలో రాసుకోవడం. ఇప్పుడు వేసిన అమ్మోనియా మర్నాటికల్లా మాయమవుతోంది. నైట్రైట్ టెస్టులో మాత్రం ఊదారంగు దిగనంటోంది. ఇవాళ పొద్దున కూడా 1 పీపీఎం. ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే అయిపోయేది. సరిగ్గా ఇప్పుడా రావడం?

పైగా సలహాలు. "మా ఆఫీసులో ఫౌంటెన్‌లో వేశారమ్మా, ఏ టెస్టులూ లేవు, హాయిగా తిరుగుతున్నాయి." ఆ ఫౌంటెన్‌లో ఎన్ని వేస్తే ఎన్ని మిగిలాయో అడగాలనిపించింది. వదిన ఉందని ఊరుకున్నాను. ఇంకో ముక్క కూడా అన్నారు, "బోరు నీళ్ళు కదా, క్లోరిన్ ఉండదు, ఇంకేం భయం" అని. అందులో సగం నిజముంది. ఇక్కడి బోరు నీళ్ళు గీజర్‌ని తినేస్తాయి గానీ, ఆ కఠినత్వంతో పాటు ఉండే క్షారగుణం ఈ బ్యాక్టీరియాకి కావాలి, పీహెచ్ కుప్పకూలకుండా పట్టి ఉంచుతుంది. మిగతా సగం ఆయనకి తెలీదు. పీహెచ్ 7లో ఉన్న అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషంగా ఉండదు, 8 దాటితే ఐదు వంతులు దాటుతుంది. కాఫీ తాగుతున్న మనిషికి ఇదంతా ఎక్కడ చెబుతాం?

కవరు మూతి విప్పకుండా నీళ్ళ మీద తేలేసి ఉంచమని మాత్రం చిన్నదానికి చెప్పాను. విప్పేసి తేల్చకూడదు. చేప ఊపిరి వల్ల కవరులో పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా ఉన్నా పెద్దగా కుట్టదు. విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ లేస్తుంది, అప్పుడు అదే అమ్మోనియా విషమవుతుంది. అందుకని విప్పిన వెంటనే చేపల్ని చేత్తో ఎత్తి వేరే నీళ్ళలోకి మార్చాలి, కవరులో నీళ్ళు పారబోయాలి. ఎందులోకి మార్చాలి అన్నదే గొడవ. 100 లీటర్ల నీలం టబ్బులో వేసి ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టాను. పాండ్ కుదురుకునేదాకా అందులోనే, ఎవరేమన్నా సరే, అని ప్రకటించాను. ఆయన మొహం కాస్త చిన్నబోయింది. పోనీలే అనుకున్నాను.

భోజనాలయ్యాక టబ్బు దగ్గర కూర్చుంటే పెదనాన్న గుర్తొచ్చారు. కైకలూరు అవతల ఆయన చెరువులు. బొచ్చె, శీలావతి. నీళ్ళలో వెదురు గడలు పాతి, వాటికి చిల్లులు పొడిచిన తవుడు సంచులు కట్టేవాళ్ళు, చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి తినేవి. సెలవులకి వెళ్తే మమ్మల్ని గట్టు మీదకి రానిచ్చేవారు కాదు. కానీ ముసురు పట్టి గాలి ఆడని రాత్రుళ్ళు ఆయన నిద్రపోయేవారు కాదు, మూడింటికే టార్చి పట్టుకుని బయల్దేరేవారు. ఒకసారి వెంటపడి వెళ్ళాను. చెరువు నిండా నోళ్ళు. చేపలన్నీ పైకొచ్చి గాలి మింగుతుంటే చప్‌చప్‌మని చప్పుడు. పగలు ఎండ లేదు, నాచు ఆక్సిజన్ చేయలేదు, రాత్రి అదే నాచు ఉన్నదంతా లాగేసుకుంది. ఇదంతా నాకు చాలా ఏళ్ళ తరవాత అర్థమైంది, అప్పుడు మాత్రం వాటికి ఆకలేస్తోంది అనుకున్నాను. పెదనాన్న అరుపులకి పనివాళ్ళు డీజిల్ ఇంజన్ పెట్టి నీళ్ళు పైకి కొట్టించారు. తెల్లారేదాకా ఎవరూ కూర్చోలేదు.

నాకు బాగా గుర్తున్నది ఇంకో రాత్రి. చేపపిల్లల లారీ చెప్పిన రోజుకంటే ముందే వచ్చేసింది. చెరువు ఇంకా సిద్ధం కాలేదు, సున్నం చల్లి నీళ్ళు పెట్టారంతే, నీళ్ళు పచ్చగా రంగు తిరగలేదు. షెడ్డు పక్కన సిమెంటు కుండీ ఉంది, రెండ్రోజులు అందులో ఉంచుదామన్నారు మా నాన్న. పెదనాన్న మోచేతి దాకా చెయ్యి చెరువులో ముంచి చూసి, "కుండీలో పోస్తే తెల్లారేసరికి వాటి కంపుకి అవే చస్తాయిరా, చెరువులో పొయ్యండి" అన్నారు. డ్రమ్ముల్లోకి చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపించి, అర్ధరాత్రి వదిలించారు. మా నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు.

ఇది గుర్తొచ్చాక నా టబ్బు వైపు చూస్తే లెక్క తిరగబడింది. అరచెయ్యంత చేపలు ఐదు, 100 లీటర్లు, ఫిల్టర్ లేదు. అవి విడిచే అమ్మోనియాకి ఇక్కడ దిక్కు లేదు. అదే పాండ్‌లో అయితే అరవై రెట్లు పలచనవుతుంది, పైగా దాన్ని తినే బ్యాక్టీరియా అక్కడ ఆకలితో కూర్చుని ఉంది. మిగిలింది నైట్రైట్. దానికి మందు ఉప్పు. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్ళి దాన్ని గోధుమరంగుకి తిప్పేస్తుంది, ఎంత గాలి ఉన్నా చేపకి ఊపిరి అందదు. నీళ్ళలో ఉప్పు ఉంటే అందులోని క్లోరైడ్ అడ్డుపడుతుంది. 1,000 లీటర్లకి కిలో, అంటే ఆరు కిలోల రాళ్ళ ఉప్పు. ఇంట్లో ఆవకాయ కోసం తెచ్చింది ఉంది. బకెట్లలో కరిగించి ఒకేసారి గుమ్మరించకుండా పోశాం. మా ఆయన "కారం కూడా తేనా" అన్నారు. పదిన్నరకి చేపల్ని పాండ్‌లోకి మార్చేశాను.

అంటే అన్నయ్యగారు మొదట కవరు పట్టుకుని ఎక్కడ వేద్దామన్నారో అక్కడికే చేరాయి. దీనికి కోపం ఇంకా ఎక్కువైంది. ఉప్పు సంగతి ఆయనకి తెలుసా? తెలీదు. మరి ఎలా కరెక్టయ్యారు?

చేపలు మాత్రం బాగున్నాయి. రెండు ఎరుపూ తెలుపూ, ఒకటి నల్లమచ్చలది, మిగతావి ఉత్త నారింజ. "జపాన్ నుంచి దిగినవి" అని ఎవరో ఆయనకి చెప్పారట. పోనీలెండి. అక్కడ నీగాతాలో కూడా ఎండాకాలమంతా వీటిని మట్టి చెరువుల్లోనే పెంచుతారు. పెదనాన్న చూస్తే రంగేసిన బంగారుతీగ చేప అనేవారు, కూర కుదరదనేవారు.

ఇక నవసారం బంద్, ఆ పని చేపలే చేస్తాయి. మూడు నాలుగు రోజులు మేత లేదు. ఈ మాట అత్తయ్యకి ఇంకా చెప్పలేదు, పొద్దున్నే అటుకుల డబ్బాతో ఆవిడ బయల్దేరేలోపు నేను లేవాలి. కరెంటు పోతే పంపు ఆగకుండా ఇన్వర్టర్ లైను మార్చమని ఎప్పటినుంచో అడుగుతున్నాను, రేపైనా మా ఆయన ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. అన్నయ్యగారు ఎలాగూ ఫోన్ చేసి చేపలు ఎక్కడున్నాయని అడుగుతారు. ఆ ఫోన్ నేను ఎత్తను, మా ఆయనే ఎత్తుకోవాలి.