పెరట్లో మందుల మడి: మే నుంచి సెప్టెంబరు దాకా

మే నెలాఖరు

కాలువలకి నీళ్లు ఆపేశారు, మా బోరు నీళ్లేమో ఎండాకాలం ఉప్పగా వస్తాయి, కాబట్టి ఈ నెల కొత్తవేమీ నాటలేదు, ఉన్నవాటిని బతికించుకోవడమే పని. మడి సంగతి తెలియనివాళ్ల కోసం: కొబ్బరిచెట్ల మధ్య ఖాళీలో, మెడికల్ షాపులో దొరికే ఏదో ఒక మందుకి మూలమైన మొక్కల్ని మాత్రమే పెంచుతున్నాను. తులసి, కలబంద, వాము ఎలాగూ వంటింటి వెనక ఉన్నాయి, అవి ఈ లెక్కలోకి రావు. ప్రతి కుండీకీ ఒక రేకు ముక్క కట్టి మొక్క పేరు, మందు పేరు, ఏ భాగంలోంచి వస్తుందో రాస్తున్నా. పెయింటుతోనే రాయండి, మార్కర్ అయితే రెండు వారాల ఎండకే వెలిసిపోతుంది.

మా మట్టి బంకమట్టి, తడిస్తే జిగురు, ఎండితే రాయి. కుండీల్లో ఉత్తదే పోస్తే వేర్లు కుళ్లుతాయి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు గోదారి ఇసక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలుపుతున్నా. పొట్టు మనకి చవకే కానీ అందులో ఉప్పు ఉంటుంది, మంచినీళ్లలో నానబెట్టి పిండి, రెండు మూడుసార్లు అలా చేశాకే వాడాలి.

జూన్

నీళ్లు వదిలారు, తొలకరి కూడా పడింది, అడ్డసరం కొమ్మలు గుచ్చేశాను. ముదురు కొమ్మ, జానెడు పొడవు, మూడు నాలుగు కణుపులు, అందులో రెండు మట్టిలోకి వెళ్లాలి, పై ఆకులు సగానికి కత్తిరించాలి. ఇంతే, ఇది బతకడానికి మనం చేసేదేమీ లేదు. ఆకు నలిపితే వచ్చే ఆ ఘాటుకి మేక కూడా మూతి తిప్పేస్తుంది, అందుకే కంచెకి వేస్తారు.

రేకు మీద ఏం రాయాలో మాత్రం కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఆకులో ఉండే ఆల్కలాయిడ్, అంటే ఒంటి మీద పనిచేసే మొక్క రసాయనం, పేరు వాసిసిన్. దాని నిర్మాణాన్ని మార్చి చేసిన దగ్గు మందు బ్రోమ్‌హెక్సిన్, 1963 నుంచి వాడుకలో ఉంది. అది ఒంట్లోకి వెళ్లాక అంబ్రాక్సాల్‌గా మారుతుంది, ఇప్పుడు దాన్నే నేరుగా సిరప్‌లో పోస్తున్నారు. అంటే వాసిసిన్ తాతయితే బ్రోమ్‌హెక్సిన్ కొడుకు, అంబ్రాక్సాల్ మనవడు. ఇంట్లో ఉన్న దగ్గు మందు సీసా తీసి చూడండి, అంబ్రాక్సాల్ అని ఉంటే అందులో అడ్డసరం చుక్క కూడా లేనట్టే, అయినా దాని వంశం ఇదే. ఆకు కషాయం, సిరప్ ఒకటే అనుకోకండి, ముఖ్యంగా గర్భిణులు ఆకు జోలికి పోకూడదు, వాసిసిన్‌కి గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉంది.

జూలై

ఈ నెలంతా బిళ్ళగన్నేరుదే. కాయలు జంటగా, సన్నగా, పైకి నిక్కి ఉంటాయి, పచ్చరంగు పోయి గోధుమరంగులోకి తిరుగుతున్నప్పుడే కోసి కాగితం పొట్లంలో పెట్టాలి, ఒక్కరోజు ఆలస్యమైనా కాయ ఒక పక్క నిలువునా చీలి నల్లటి గింజలు నేలపాలు. గింజలు మొలవాలంటే చీకటి కావాలి, అరసెంటీమీటరు మట్టి కప్పి ట్రే మీద పేపరు వేసి ఉంచా, మొలకలు కనబడగానే తీసేశా. తర్వాత పెద్ద శత్రువు నీరే. ముసురులో చూరు కిందకి జరపకపోతే కాండం మొదట్లో నల్లబడి రాత్రికి రాత్రి వాలిపోతుంది.

మొక్కలు ఎదిగేసరికి పక్కింటి పిన్నిగారు వచ్చారు. "నాలుగాకులు కోసుకుంటాను బాబూ, పరగడుపున నమిలితే షుగర్ తగ్గుద్దంటగా" అన్నారు. వద్దండి పిన్నిగారూ అని కూర్చోబెట్టి చెప్పాను, ఇక్కడ కూడా రాస్తున్నా, ఎందుకంటే ఈ మాట మన ఊళ్లలో చాలామంది అంటారు.

షుగర్ తగ్గుతుందన్న ఈ నమ్మకం జమైకాలోనూ ఉండేది. 1950ల్లో అక్కడి ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త చేతికి వచ్చాయి. ఆయనా, చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తా దీని మీద పని చేశారు. ఎలుకలకి ఆకు రసం ఇస్తే షుగర్ ఏమీ కదల్లేదు గానీ, సూదితో ఎక్కించినవాటికి తెల్లరక్తకణాలు పడిపోయి, అవి ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయే రక్తకేన్సర్‌కి ఇదే మందు అవుతుందేమో అన్న దారి అక్కడ దొరికింది. అలా వచ్చినవే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్. రెండోదానికి అమెరికాలో 1963లో అనుమతి వచ్చింది, పిల్లల లుకేమియా చికిత్సలో ఈరోజుకీ వాడుతున్నారు. ఒక్క గ్రాము తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి, రోగికి ఒకసారి ఎక్కించేదేమో సాధారణంగా రెండు మిల్లీగ్రాములు దాటదు. 2022లో ఈస్ట్ కణాల్లో మొక్క జన్యువులు పెట్టి విన్‌బ్లాస్టిన్ ముడిపదార్థాల్ని తయారుచేశారు, దానికే ముప్పైకి పైగా మెట్ల రసాయన చర్య అవసరమైంది. మా గోడ పగుల్లో నీళ్లు పొయ్యకుండానే మొలిచిన మొక్క ఆ మెట్లన్నీ రోజూ ఎక్కేస్తోంది!

పిన్నిగారు రోజూ వేసుకునే బిళ్ళ మెట్‌ఫార్మిన్. దాని వెనకా ఒక మొక్క ఉంది, గలేగా అని యూరప్‌లో పెరిగే చిక్కుడు జాతి మొక్క. అందులోని గలెగిన్ అనే పదార్థం షుగర్ తగ్గిస్తుంది కానీ విషం. దాని వరసలోదే అయిన మెట్‌ఫార్మిన్‌ని 1922లోనే ప్రయోగశాలలో చేశారు, పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు 1957లో రోగుల మీద ఫలితాలు ప్రకటించారు. ఇప్పుడు ఆ మొక్క ఆకు ఒక్కటి కూడా అక్కర్లేదు. "అయితే నేను వేసుకునేది ఆకుమందేనన్నమాట" అని పిన్నిగారు సంతోషించారు, నేను కాదనలేదు. కడియం నర్సరీల్లో గలేగా గురించి అడిగాను, ఎవరి దగ్గరా లేదు, చల్లటి దేశపు మొక్క కాబట్టి తెచ్చినా మన ఉక్కకి నిలబడుతుందని నాకు ఆశ లేదు.

సెప్టెంబరు

సర్పగంధ కొబ్బరి నీడలో బాగానే ఉంది. కుండీలో కాదు, అడుగు ఎత్తు బోదె చేసి నాటా, నీరు నిలిస్తే వేరు పోతుంది, ఈ మొక్కలో కావలసిందే వేరు. కొనేటప్పుడు నర్సరీ మొక్కే అని అడిగి కొనండి, అడవిలో తవ్వి తవ్వి అరుదైపోయింది.

బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ అనే డాక్టరు బీపీకి ఈ వేరు పనిచేస్తుందని 1949లో బ్రిటిష్ పత్రికలో రాశాకే ప్రపంచం ఇటు తిరిగింది, 1952లో స్విట్జర్లాండ్‌లో ఈ వేరులోంచి బీపీ తగ్గించే రిసర్పిన్‌ని విడదీశారు. అంతకుముందే, 1931లో, ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఇదే వేరులోంచి అజ్మలిన్ తీసి, యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు పెట్టారు, అది గుండె లయ మీద పనిచేస్తుంది. ఒకే వేరులో ఇవన్నీ కలిసి ఉన్నాయి, బిళ్ళలో రిసర్పిన్ ఒక్కటే, అదీ పావు మిల్లీగ్రాము లాంటి మోతాదు. ఎక్కువైతే మనిషి దిగులులోకి జారిపోతాడని అప్పట్లోనే గమనించారు. వేరు పొడి చెంచాతో కొలిచి వేసుకునేవాళ్లని చూస్తే నాకు అందుకే టెన్షన్.

నేలవేము కూడా మొలిచింది, రేకు ఇంకా రాయలేదు. దాని ఆకులో ఉండే పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ అని రాసెయ్యొచ్చు గానీ షాపులో దొరికేవి ఎక్కువగా ఆకు సారంతో చేసిన మాత్రలే, కాబట్టి దీన్ని మడిలో ఉంచాలా, తులసి పక్కకి పంపాలా తేల్చుకోవాలి.

సర్పగంధకి ఆకుపచ్చ కాయలు పట్టాయి. నల్లబడగానే కోసి, గుజ్జు కడిగి, ఆరనిచ్చి వెంటనే వేస్తాను, గింజ పాతబడితే మొలక బాగా తగ్గిపోతుంది. వేరు ముక్కలు కూడా ఒక బోదెలో పెట్టి చూడాలి. తవ్వడం మాత్రం ఏడాదిన్నర నిండాకే.