అప్పుడే వచ్చేశారే?

మిషనరీ పనిమీద నాలుగేళ్లకని ఆఫ్రికాలోని మలావీ వెళ్లాం. 22 నెలలకే చెన్నై వచ్చేశాం. పెరంబూరులో ఇల్లు దొరికింది, పిల్లలు బడికి పోతున్నారు, సగం సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక వందనాలు చెప్పుకుంటూ అందరూ అడిగేది ఒకటే: "ఏమ్మా, అప్పుడే వచ్చేశారే?"

మొదట్లో గబగబా చెప్పేసేదాన్ని, "బాబుకి ఒంట్లో బాగుండలేదండీ" అని. అబద్ధం కాదు. మేమున్న బ్లాంటైర్‌లో నవంబరులో వానలు మొదలైతే ఏప్రిల్ దాకా దోమలే. దోమతెర కట్టినా మావాడికి ఒక్క వానాకాలంలో మూడుసార్లు మలేరియా వచ్చింది. అక్కడ మలేరియా అంటే మన దగ్గర పడిశం అన్నంత మామూలుగా చెప్పుకుంటారు. ఎల్‌ఏ అనే మాత్రలు మూడు రోజులు వేస్తారు, తగ్గిపోతుంది. మూడోసారి మాత్రం వాడికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి దారి పొడుగునా కరెంటు లేదు. మా ఆయన పాట పాడుతూ బండి నడిపారు. ఆపండి అని నేను అరిచాను. పది రోజుల్లో బయల్దేరాం.

నెలనెలా డబ్బు పంపిన సంఘాలకు ప్రార్థన లేఖ రాయాలి కదా. "కుమారుని అనారోగ్యము వలన పరిచర్యను మధ్యలో ఆపి తిరిగి వచ్చితిమి" అని రాశాం. మన లేఖలు ఇంకా ఈ 'వచ్చితిమి' భాషలోనే నడుస్తున్నాయి. టైప్ చేసింది నేనే.

మా అమ్మాయికి 13 ఏళ్లు. అక్కడి ఆడపిల్లల్లాగే, పెద్దవాళ్లకు ఏదిచ్చినా కాస్త మోకాళ్లు వంచి రెండు చేతులతో ఇచ్చేది. నెల్లూరు నుంచి వచ్చిన అత్తయ్య మురిసిపోయారు. ఇంటికొచ్చిన దాని క్లాసు పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి మానేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

పిల్లాడికి ఎనిమిది. వాడి తెలుగులో మీరు, నువ్వు ఎప్పుడూ కలగాపులగమే. తాతయ్యను "నువ్వు రా" అనేవాడు. అక్కడి చిచేవా భాషలో చిన్నవాళ్లను "ఉలి బ్వాంజీ" అనీ, పెద్దవాళ్లను "ములి బ్వాంజీ" అనీ పలకరిస్తారు. ఆ 'ములి' మన 'మీరు' లాంటిదేనని వాడంతట వాడే పట్టుకున్నాడు. ఇప్పుడు బళ్లో తమిళం తప్పనిసరి. టీచరు నీ, నీంగ అని చెప్పగానే "ఓ, ఉలి, ములి" అన్నాడట. ఆవిడ నాకు ఫోన్ చేసి, అదేం భాషండీ అని అడిగారు. నేను కూర్చోబెట్టి నేర్పలేకపోయిన మర్యాద వాడికి మలావీ మీదుగా వచ్చింది.

ఎన్సిమా మాత్రం కుదరడం లేదు. అదీ మన సంకటి లాంటిదే, తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. ఇక్కడ దొరికే పసుపు పిండితో చేస్తే ముట్టలేదు.

ఒక రాత్రి వాడు నాన్న దగ్గరికెళ్లి "పెపానీ, నాన్నా" అన్నాడు. ఎందుకురా అంటే, "నా వల్లే కదా మనం వచ్చేసింది." లేఖ చదివాడో, నా మాటలు విన్నాడో. పెపానీ అంటే క్షమించమని. కానీ అక్కడ ఎవరైనా కాలు తట్టుకుని తూలితే, పక్కవాళ్లు కూడా పెపానీ అంటారు, తప్పు తమది కాకపోయినా. వాడు ఏ అర్థంలో అన్నాడో అడిగే ధైర్యం రాలేదు.

నిజం చెప్పాలంటే, ఆ ఫిట్స్‌కు రెండు నెలల ముందు నుంచే నేను రాత్రిళ్లు విమాన టికెట్ల ధరలు చూస్తుండేదాన్ని. ఒంటరితనం అంటే సంఘం ముందు నామోషీ. పిల్లాడి జ్వరం అంటే మర్యాదగా ఉంటుంది.

మమ్మల్ని ఓదార్చాలని అత్తయ్య పాతకాలపు అమెరికన్ మిషనరీ డే దొరగారి సంగతి ఎత్తారు. 1836లో వచ్చి, మద్రాసులో కొన్నాళ్లుండి, 1840లో నెల్లూరు చేరిన సామ్యూల్ డే కూడా ఆరోగ్యం చెడి మధ్యలో అమెరికా వెళ్లారట. "మళ్లీ జ్యూవెట్ దొరగారిని వెంటబెట్టుకుని రాలేదూ?" అన్నారు. నాకు ఓదార్పు కలగలేదు, ఆ 'మళ్లీ'కి టెన్షన్ పట్టుకుంది.

పోయిన ఆదివారం ఒక పెద్దాయన మళ్లీ అదే అడిగారు. పిల్లాడు పక్కనే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "నాకు భయమేసిందండీ, అందుకే వచ్చేశాం" అన్నారు. పెద్దాయనకు ఏమనాలో తోచక భుజం తట్టి వెళ్లారు. "నాక్కూడా" అన్నాను, అప్పటికే ఆ పెద్దాయన వినేంత దూరంలో లేరు.

పిల్లాడు విన్నాడు. వాళ్ల నాన్న వైపు కాసేపు చూసి, నా సంచిలో బిస్కెట్లు వెతుక్కున్నాడు.