ప్రధానం పళ్లెం, వెనక గది

పోయిన వేసవిలో మా అక్క కూతురికి ప్రధానం (నిశ్చితార్థం) చేశాం. పళ్లెంలో బైబిలు, ఉంగరం, చీర, పూలు, అరటిపళ్లు. పాస్టరుగారు ప్రార్థన చేసి "ఇష్టమేనా అమ్మా?" అంటే పిల్ల తలూపింది. అదంతా ముందు గదిలో. మేనమామను గనక నేను వెనక గదిలో ఉన్నాను. మిగిలిన కట్నం డబ్బు పెళ్లికి ముందే చేతిలో పెట్టాలా, తర్వాతైనా పరవాలేదా అని అక్కడ మాట నడుస్తోంది. అటు నుంచి పాట వినబడుతుంటే ఇటు లెక్కలు. నేను నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక కొన్ని రోజులు బైబిల్లో ప్రధానం అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటూ కూర్చున్నాను.

మత్తయి మొదటి అధ్యాయంలో "మరియ యోసేపునకు ప్రధానము చేయబడిన తరువాత" అని ఉంది కదా. మనం నిశ్చితార్థం అనుకుని చదివేస్తాం. ఆ కాలపు యూదులకది ముక్కాలు పెళ్లి. పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉన్నా యోసేపు అప్పటికే "ఆమె భర్త". వద్దనుకుంటే ఊరికే కబురంపితే సరిపోదు, విడనాడాల్సిందే. ప్రధానమైన పిల్ల ఊళ్లో వేరే మగవాడితో పట్టుబడితే ఇద్దరినీ రాళ్లతో కొట్టమంటుంది ద్వితీయోపదేశకాండం 22. యోసేపు "రహస్యముగా" విడనాడాలనుకోవడంలో ఎంత దయ ఉందో అప్పుడు తెలుస్తుంది. ప్రధానం చేసుకుని పిల్లను ఇంకా ఇంటికి తెచ్చుకోని వాణ్ణి యుద్ధం నుంచి వెనక్కి పంపేయమని అదే గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. తర్వాతి కాలంలో, క్రీ.శ. 200 ప్రాంతంలో యూదులు కూర్చిన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనైతే, వరుడు రమ్మన్నాక కన్యకు సర్దుకోవడానికి 12 నెలల గడువు ఇవ్వాలని రాశారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఓలి. ఇది మన పాత మాటే, మగపెళ్లివారు పిల్ల తండ్రికి ఇచ్చుకునేది. పాత నిబంధన మూలభాష హెబ్రీలో మోహర్. యాకోబు కూతురు దీనాను పెళ్లికి అడగడానికి వచ్చిన షెకెము "ఓలియు కట్నమును ఎంతైనను అడుగుడి" అంటాడు. ఆ వాక్యంలో కట్నం కూడా మగవాడే ఇస్తున్నాడు, చూడండి. చేతిలో ఏమీ లేని యాకోబు రాహేలు కోసం 7 ఏళ్లు మందలు కాశాడు.

అలాగని ఆడవాళ్ల బతుకు బంగారమని కాదు. మా నాన్న మమ్మల్ని అమ్మేశాడు, మాకు రావలసిన సొమ్మంతా తినేశాడు అని యాకోబు భార్యలు లేయా, రాహేలు అతని దగ్గర వాపోతారు. పెళ్లి కాని పిల్ల దేవునికి మొక్కుకున్నా తండ్రి వద్దంటే ఆ మొక్కు చెల్లదు. పెళ్లయ్యాక ఆ మాట భర్తది. ఇస్సాకుకు భార్యగా వెళ్లాల్సిన రిబ్కాను మాత్రం పిలిచి "వెళ్లెదవా" అని అడిగారు, "వెళ్లెదను" అంది. అప్పటికే అన్న, తండ్రి సంబంధం ఒప్పేసుకున్నారనుకోండి, ఆమెను అడిగింది ప్రయాణం గురించే. అయినా అడిగారు.

సౌలు రాజు కూతురు మీకాలును ఆపాటి కూడా అడగలేదు. ఆమె దావీదును ప్రేమించిందని బైబిలే చెబుతుంది. సౌలు ఓలిగా శత్రువులైన ఫిలిష్తీయుల్లో 100 మంది ముందోళ్లు (సున్నతిలో తీసే చర్మం) అడిగితే దావీదు 200 తెచ్చాడు. తర్వాత సౌలు ఆమెను ఇంకొకడికి ఇచ్చేశాడు. ఏళ్లు గడిచాక దావీదు, నేను ఓలి ఇచ్చుకున్న భార్య, నాది నాకు పంపండి అన్నాడు. ఆ రెండో భర్త ఏడుస్తూ బహూరీము దాకా ఆమె వెనక నడిచాడు. ఆ దారి పొడవునా మీకాలు ఏమందో ఒక్క ముక్క లేదు.

దావీదు ఆ మాటన్నప్పుడు హెబ్రీలో ఫలానా వెల పెట్టి ప్రధానం చేసుకున్నాను అనే వాడుక ఉంది. హోషేయ ప్రవక్త గ్రంథం 2:19, 20 వచనాల్లోనూ సరిగ్గా అదే వాడుక. అక్కడ మాట్లాడేవాడు దేవుడు. వధువు, తన్ను విడిచి పోయిన ఇశ్రాయేలు ప్రజ. నిన్ను నాకు ప్రధానం చేసుకుంటాను అని హెబ్రీలో మూడుసార్లు అంటాడు. ఓలిగా పెట్టేవి నీతి, న్యాయం, కృప, జాలి, నమ్మకం. కాస్త పైన 16వ వచనంలో ఇంకో మాట. ఇకమీదట నన్ను "బయలు" అనవు, "నా పురుషుడవు" అంటావు. బయలు ఆ కాలపు విగ్రహం పేరే అయినా మాటకు అర్థం యజమాని. భర్తనూ ఆ మాటతోనే పిలిచేవారు.

మా వెనక గది గుర్తొచ్చి ఆ వచనం దగ్గర ఆగిపోయాను. దేవుడు తనంతట తాను యజమాని పిలుపు వదులుకుంటున్నాడు. మేము ఆ రోజు ఇంకా వెల దగ్గరే ఉన్నాం, అదీ తలకిందులుగా.

ఆ ఇశ్రాయేలు చేతిలో తేవడానికి ఏమీ లేదు. మంచి పేరు కూడా లేదు. ఓలి అంతా ఆయనదే. ఆమె వైపు నుంచి 20వ వచనంలో ఉన్నది ఒక్కటే: "నీవు యెహోవాను ఎరుగునట్లు."

పెళ్లి ఇంకా కాలేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక బావగారితో కలిసి మగపెళ్లివారింటికి వెళ్తున్నాను. బైబిలు పట్టుకెళ్తున్నాను.