వేడినీళ్ల కింద

తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేది. కళ్లు తెరవకముందే నోట్లో ఉప్పునీళ్లు ఊరేవి. కడుపులో ఏమీ ఉండేది కాదు, అయినా ఓకరింతలు ఆగేవి కావు. మొదట నురగ, తర్వాత పసుపుపచ్చని పసరు, ఆ పైన ఉత్త డోకులు. పక్కటెముకలు పట్టేసేవి. బాత్రూమ్ నేల మీద కూలబడి, కాస్త ఓపిక రాగానే లేచి షవర్ తిప్పుకునేవాణ్ని. ఒళ్లు కాలిపోయేంత వేడినీళ్లు. అవి కడుపు మీద పడుతున్నంతసేపూ వికారం ఆగేది. గీజర్లో వేడి అయిపోగానే మళ్లీ మొదలు.

విడతలు విడతలుగా దాదాపు రెండేళ్లు ఇలా గడిచింది. కారణం ఏమిటో తెలిశాక, అది నా చేతుల్తో నేనే పెంచుకున్నదని అర్థమయ్యాక, దీన్ని రాయాలనిపించింది. ఇదే బాధ పడుతూ ఇంకెవరైనా బాత్రూమ్‌లో కూర్చుని ఉంటే వాళ్లకు పనికొస్తుందని.

గంజాయి నేను సరదాకి మొదలుపెట్టలేదు. నిద్ర పట్టేది కాదు. రాత్రి కొంచెం తాగితే పట్టేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కొంచెం సరిపోలేదు. బయట దొరికే సరుకు మీద నమ్మకం లేక ఇంట్లోనే ఒక చిన్న గదిలో పెంచడం మొదలుపెట్టాను. మొక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అందుకే అది కేవలం మత్తు వ్యవహారంగా మిగల్లేదు. ప్రతి పంటా ముందు పంటకన్నా ఘాటుగా రావాలన్న పట్టుదల పెరిగింది. భూతద్దం పట్టుకుని పూత చూసేవాణ్ని. ఆడపూల మీద సన్నటి కాడల చివర గాజుపూసల్లా నిలబడిన జిగురు బొట్లు. ముందు స్వచ్ఛంగా ఉండి, తర్వాత పాలరంగుకు తిరిగేవి. మత్తు ఎక్కువగా ఉండేది ఆ బొట్లలోనే. వాటిని చూస్తూ గంటలు గంటలు కూర్చున్న రోజులున్నాయి. ఆ సంతోషం అబద్ధం కాదు, ఇప్పుడు అబద్ధమని రాయలేను.

ఘాటు గురించి ఒక మాట చెప్పాలి. మత్తు కలిగించే పదార్థం పేరు టీహెచ్‌సీ. 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం, యెహియల్ గావొనీ దాన్ని శుద్ధంగా వేరుచేసి, దాని నిర్మాణం తేల్చారు. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. 1995లో సగటున 4 శాతం దాకా ఉన్న టీహెచ్‌సీ 2014 నాటికి 12 శాతం దాకా వచ్చింది. అంటే పాతికేళ్ల కిందట ఎవరో 'ఏమీ కాదులే' అని చెప్పిన గంజాయి, ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఒకటి కాదు. నేను పెంచింది ఎంత శాతమో ఎప్పుడూ కొలిపించలేదు. కానీ మొదట్లో వారం రోజులు సరిపోయిన మోతాదు చివరికి ఒక్క రోజులో అయిపోయేది, అది కూడా ఎంతో ఘాటైన సరుకు.

వికారం మొదలైనప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. వికారం తగ్గడానికి ఇంకాస్త ఎక్కువ తాగాను. అందులో తర్కం ఉంది మరి. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు టీహెచ్‌సీనే మాత్రగా తయారు చేశారు, డ్రోనబినాల్ అని, అమెరికాలో 1985లోనే దానికి అనుమతి వచ్చింది. గంజాయి వాంతులకు మందు అని నేను చదివింది తప్పు కాదు. తప్పల్లా, నా వాంతులకు కూడా అదే మందు అనుకోవడం. మొదట్లో పొద్దున పూట కడుపులో తిప్పడమే, వాంతి అయ్యేది కాదు. తర్వాత రెండు నెలలకోసారి నాలుగైదు రోజులు విరుచుకుపడేది. మధ్యలో మామూలుగా ఉండేవాణ్ని. మామూలుగా ఉన్న రోజుల్లో 'పోయిందిలే' అనుకునేవాణ్ని.

మొదటిసారి ఆస్పత్రికి అక్క తీసుకెళ్లింది. సెలైన్ ఎక్కించారు. వాంతులు ఆగే ఇంజెక్షన్ ఇస్తే గంట కూడా పనిచేయలేదు. గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు అన్నారు. రెండోసారి అల్ట్రాసౌండ్, మూడోసారి ఎండోస్కోపీ. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక డాక్టర్ టెన్షన్ వల్ల కావచ్చన్నారు. ఎవరినీ తప్పుపట్టను. ఎందుకంటే ప్రతిసారీ 'ఏమైనా అలవాట్లున్నాయా?' అని అడిగారు, ప్రతిసారీ లేవన్నాను. ఇంట్లో గంజాయి పెంచడం చాలా దేశాల్లో నేరం. పైగా అక్క పక్కనే నిలబడి ఉండేది. ఆ రెండు భయాలూ కలిసి నా నోరు కట్టేశాయి.

అయిదోసారి వెళ్లేటప్పటికి కాళ్లలో పిక్కలు పట్టేసి నిలబడలేకపోయాను. పొటాషియం బాగా పడిపోయింది, ఒంట్లో నీళ్లు తగ్గి కిడ్నీల మీద ఒత్తిడి పడిందన్నారు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ఈసీజీ కోసం చొక్కా పైకి లాగి ఆగిపోయింది. కడుపు మీద గోధుమరంగు గీతలు వలలా అల్లుకుని ఉన్నాయి. వేడినీళ్ల సంచి గంటల తరబడి పెట్టుకోవడం వల్ల పడిన మచ్చలు. ఆవిడ వాటిని వేలితో తాకి చూసింది.

"వేడినీళ్ల స్నానం చేస్తే వాంతులు తగ్గుతున్నాయా మీకు?"

అవునన్నాను. అంత ఆశ్చర్యం నాకు ఎప్పుడూ కలగలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆవిడ అక్కను కాసేపు బయట కూర్చోమని పంపి, తెర లాగి, గొంతు తగ్గించి అడిగింది. "గంజాయి తాగుతారా? నేను ఎవరికీ చెప్పను. మీకు మందు ఇవ్వడానికి అడుగుతున్నాను."

చెప్పేశాను. ఎన్నేళ్లుగా, రోజుకెంత, ఇంట్లో పెంచే సంగతితో సహా. ఏడుపు ఆగలేదు.

దీనికి కన్నబినాయిడ్ హైపర్‌ఎమెసిస్ సిండ్రోమ్ అని పేరు, అంటే గంజాయి వల్ల వచ్చే విపరీతమైన వాంతుల జబ్బు. 2004లో దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ కొండ ప్రాంతం రోగులను పరిశీలించిన డాక్టర్లు దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. ఏళ్ల తరబడి గంజాయి తాగినవాళ్లు, విడతలు విడతలుగా వాంతులు, పదే పదే వేడినీళ్ల స్నానం. ఆపినవాళ్లకు తగ్గింది. కొందరు మళ్లీ మొదలుపెట్టారు, వాళ్లకు జబ్బూ తిరిగొచ్చింది. ఆ నాలుగు వాక్యాల్లో నా రెండేళ్లూ ఉన్నాయి.

ఆ రాత్రి మామూలు వాంతుల ఇంజెక్షన్ బదులు హాలోపెరిడాల్ అనే వేరే మందు ఇచ్చారు. కడుపు మీద క్యాప్సైసిన్ క్రీమ్ రాశారు. మిరపకాయకు మంట ఇచ్చేది ఆ క్యాప్సైసినే. దానికీ, కాలే వేడికీ స్పందించే గ్రాహకం మన చర్మంలో ఒకటేనట, అందుకే వేడినీళ్లు చేసే పనే ఆ క్రీమ్ కూడా చేస్తుందని డాక్టర్ చెప్పారు. కడుపు భగభగ మండింది. అరగంటకు వికారం తగ్గి నిద్రపోయాను. బాత్రూమ్ బయట అంత నిద్ర పోయి ఎన్నాళ్లయిందో.

పొద్దున డాక్టర్ మంచం అంచున కూర్చుని చెప్పింది చిన్న మాటే. "ఇవన్నీ ఈ పూటకే బాబూ. మానేయడం ఒక్కటే మందు. తగ్గించడం కాదు, పూర్తిగా మానేయడం."

అక్కకు నేనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లూ నేను నీ కడుపుకి ఏదో పెద్ద జబ్బు వచ్చిందని రాత్రుళ్లు ఏడ్చాను రా, ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా" అంది. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి గది ఖాళీ చేశాం. అప్పుడు పూత మీదున్న మొక్కలు మూడు. వేళ్లతో సహా పీకుతుంటే జిగురు చేతులకంటుకుంది, రెండు మూడుసార్లు సబ్బుతో కడిగినా వాసన పోలేదు. నా ప్రాణం పెట్టి పెంచినవి. బాధ కలిగింది. ఆ బాధను అక్క అర్థం చేసుకుంది, ఏమీ అనలేదు.

మానేసిన మొదటి వారం నరకం. మూడు రాత్రులు కన్ను మూతపడలేదు. చెమటలు, ఊరికే కోపం, ఆకలి లేకపోవడం. నిద్ర పట్టాక వచ్చిన కలలు ఎంత స్పష్టంగా ఉండేవంటే లేచాక కూడా గుండె కొట్టుకునేది. గంజాయికి ఎవరూ అలవాటు పడరని అనేవాళ్లు ఆ వారం నా పక్కన ఉండాల్సింది. పది రోజులకు కొంత, నెలకు చాలావరకు సర్దుకుంది. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది, రోజూ తాగినవాళ్ల ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. అందుకే మానేసిన మూడో వారంలో ఒకసారి వికారం వచ్చినా భయపడవద్దని ముందే చెప్పారు. వచ్చింది, పోయింది.

నాలుగో నెలలో తప్పు చేశాను. ఒంటికి బాగుంది, బరువు ఆరు కిలోలు పెరిగాను, ఇక నా జబ్బు అది కాదేమో అనిపించింది. ఈ అనుమానం చాలామందికి వస్తుందని తర్వాత డాక్టర్ చెప్పారు. ఒక స్నేహితుడి దగ్గర వారం రోజులు తాగాను. తొమ్మిదో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చింది, నోట్లో ఉప్పునీళ్లు. ఈసారి షవర్ దగ్గరికి వెళ్లకుండా నేరుగా అక్కను లేపాను. దారిలోనే అంతా చెప్పాను. క్యాజువాలిటీలో అడగకముందే చెప్పాను. రెండు గంటల్లో వాంతులు ఆగాయి. చెప్పడానికీ చెప్పకపోవడానికీ తేడా నాకు ఆ రెండు గంటల్లో తెలిసింది.

ఆ తర్వాత తాగలేదు. ఏడాదిన్నర దాటింది. నిద్ర సమస్య మాత్రం మిగిలే ఉంది, దానికి వేరే డాక్టర్ దగ్గర చికిత్స తీసుకుంటున్నాను, మెల్లగా కుదురుతోంది. ఒక విషయం తెలిసినప్పుడు మాత్రం మనసుకు హాయిగా అనిపించింది. టీహెచ్‌సీ మెదడులో ఏ తాళాన్ని తెరుస్తుందో దానికి సరిపడే తాళంచెవి మన శరీరమే తయారు చేసుకుంటుందట. 1992లో దాన్ని కనుగొన్నవాళ్లు సంస్కృతంలోని ఆనందం నుంచి దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు.

గదిలో ఇప్పుడు మామూలు పూల మొక్కలున్నాయి. భూతద్దం అక్కడే ఉంది, ఆకుల కింద పురుగు పట్టిందేమో చూసుకోవడానికి. కడుపు మీద వలలాంటి మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు, వెలుతురుకు పక్కగా నిలబడితే కనిపిస్తుంది. స్నానానికి షవర్ ఇప్పుడు గోరువెచ్చని నీళ్ల దగ్గర ఆపుతాను. పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తాను.